కూత ఆపితే ముప్పెంత?

అమెరికాలో రైలు, దారిలో వచ్చే ప్రతి గేటుకూ కూత వేయాలి. రెండు పొడుగు, ఒకటి పొట్టి, మళ్లీ ఒక పొడుగు. గేటు ఇంకా 15 నుంచి 20 సెకన్ల దూరంలో ఉండగా మొదలుపెట్టి, ఇంజను రోడ్డు మీదికి వచ్చేదాకా ఆపకూడదు. ఇంజనుకు 100 అడుగుల ముందు కొలిస్తే ఆ మోత కనీసం 96 డెసిబెళ్లు. పట్టాల పక్కన ఇల్లు కొనుక్కున్నవాళ్లకు అర్ధరాత్రి అది ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఊళ్లు కూత ఆపించమని అడుగుతాయి. ఆపితే ముప్పు ఎంత పెరుగుతుందో లెక్కగట్టడం నా ఉద్యోగంలో ఒక భాగం.

ఈ కథ ఫ్లోరిడాలో మొదలైంది. 1984లో ఆ రాష్ట్రం చేసిన చట్టాన్ని ఆసరా చేసుకుని ఫ్లోరిడా ఈస్ట్ కోస్ట్ రైల్వే దారిలో చాలా ఊళ్లు రాత్రిపూట కూతను నిషేధించాయి. 1990లో ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్ లెక్క తీస్తే, నిషేధం ఉన్న గేట్ల దగ్గర రాత్రి ప్రమాదాల రేటు 195 శాతం పెరిగి ఉంది. దాదాపు మూడింతలు! అవే గేట్ల దగ్గర పగలు మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. మా వృత్తిలో ఇంత శుభ్రమైన పోలిక దొరకడం అరుదు. రోడ్డు అదే, పట్టాలు అవే, తేడా అల్లా కూత. 1991లో అత్యవసర ఉత్తర్వు ఇచ్చి మళ్లీ కూత వేయించారు, ప్రమాదాలు దిగివచ్చాయి. 1994లో కాంగ్రెస్ దేశమంతటికీ ఒక నిబంధన రాయమంది. అది అమల్లోకి వచ్చేసరికి 2005 జూన్ అయింది. సర్కారు బండికి ఏ దేశంలోనైనా అదే వేగం కాబోలు.

ఆ నిబంధన ప్రకారం ప్రతి గేటుకూ ఒక రిస్క్ సూచీ ఉంటుంది. రోజుకు ఎన్ని రైళ్లు, ఎంత వేగం, ఎన్ని పట్టాలు, రోడ్డు మీద ఎన్ని వాహనాలు, గత ఐదేళ్లలో ఎన్ని ప్రమాదాలు అన్నవి చూసి, ప్రాణనష్టం, గాయాల తీవ్రతను కూడా కలిపి ఒక అంకె తేలుస్తారు. కడ్డీలున్న గేట్ల దగ్గర కూత ఆగితే ఆ అంకెను 1.668తో గుణిస్తారు. అంటే ముప్పు 66.8 శాతం పెరిగినట్టు.

పెరిగినదాన్ని తగ్గించే మార్గాలూ ఉన్నాయి. మన దగ్గర గేట్‌మేన్ వేసే గేటు రోడ్డు మొత్తం మూసేస్తుంది కాబట్టి బైకులవాళ్లు దాని కింద నుంచి దూరతారు. అమెరికాలో కడ్డీ సాధారణంగా సగం రోడ్డుకే పడుతుంది. తొందర ఉన్నవాడు ఎదుటి లేన్‌లోకి కారు తిప్పి, మెలిక కొట్టి దాటేస్తాడు. కాబట్టి గేటు నుంచి వంద అడుగుల దాకా కాంక్రీటు డివైడర్ కడితే ముప్పు 80 శాతం తగ్గినట్టు లెక్క. నాలుగు వైపులా గేట్లు పెడితే 82 శాతం. రోడ్డే మూసేస్తే నూటికి నూరు. అన్ని గేట్ల దగ్గరా డివైడర్లు కట్టిన ఊళ్లో, కాగితం మీద చూస్తే, కూత ఉన్నప్పటికన్నా ముప్పు సగం కూడా ఉండదు. అలాంటి ఊరికి కూత ఆపే అనుమతి ఇవ్వడానికి నాకే అభ్యంతరమూ లేదు. నిద్ర కూడా ఆరోగ్యమే.

నాకు గుచ్చుకునేది సగటు. ముప్పును గేటు గేటుకూ కాకుండా, కూత ఆపిన గేట్ల వరుస మొత్తానికి, అంటే క్వైట్ జోన్ మొత్తానికి, సగటు తీసి చూస్తారు. రెండే గేట్లున్న జోన్ అనుకుందాం. మొదటిదాని సూచీ 20,000, రెండోదానిది 4,000, సగటు 12,000. కూత ఆపారు. మొదటి గేటు 33,360కి ఎగబాకింది. అక్కడ డివైడర్ కట్టగానే 6,672కి దిగింది. రెండో గేటు దగ్గర తట్ట మట్టి కూడా వేయలేదు. అదీ 6,672 అయింది. కొత్త సగటు 12,000లో సగం పైచిలుకు మాత్రమే కాబట్టి జోన్ పాసు. రెండో గేటు దాటేవాళ్లకు మాత్రం ముప్పు ఉన్నదానికన్నా 66.8 శాతం పెరిగింది. ఈ బేరానికి ఒప్పుకుంటారా అని వాళ్లనెవరూ అడగలేదు.

ఇంకో దారి మరీ సులువు. దేశమంతటా కడ్డీలుండి కూత మోగే క్రాసింగుల సగటు ఒకటి ఉంటుంది. కూత ఆపాక కూడా జోన్ సూచీ దానికి మించకపోతే, అదనంగా ఏమీ కట్టకుండానే అనుమతి రావచ్చు. మొదట తక్కువ ముప్పున్న ఊరు కాబట్టి పెరిగినా పర్లేదన్నది అందులోని తర్కం. నాకది ఎప్పుడూ మింగుడుపడలేదు.

పైగా ఆ అంకె వాహనదారుల ముప్పును కొలిచేదని నిబంధన నిర్వచనంలోనే రాసి ఉంది. నడిచి దాటేవాళ్లు అందులో లేరు. డివైడర్ కారును ఆపుతుంది గానీ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడిచే కుర్రాణ్ని ఆపదు. పట్టాల మీద ఎవరైనా కనిపిస్తే క్వైట్ జోన్‌లోనైనా డ్రైవరు కూత వేయవచ్చు. బరువైన గూడ్సు బండి ఆగడానికి మైలు దాకా పడుతుందని గుర్తుంచుకుంటే, ఆ వెసులుబాటు విలువ ఎంతో తెలుస్తుంది.

అమెరికాలో ఉంటున్న మన పాఠకులు చాలామంది ఇలాంటి శివారు ఊళ్లలోనే ఇళ్లు కొన్నారు. మీ సిటీ కౌన్సిల్‌లో క్వైట్ జోన్ ప్రస్తావన వస్తే, సగటు చూపించి పంపేస్తే ఊరుకోకండి. ఏ గేటుకు ఎంత ముందు, ఎంత తర్వాత అని విడివిడిగా అడగండి. వాహనాల లెక్క ఏ సంవత్సరంలో తీసిందో అడగండి. పాత లెక్క అయితే, కొత్తది తీశాకే ఓటింగు పెట్టమనండి.