మరమనిషి చెప్పెడి పాఠము

ఆటిజం గల బిడ్డ తోటివారి ముఖము చూచుటకు వెనుకాడవచ్చును. ఆ బిడ్డయే మరమనిషి యెదుట ఉత్సాహముతో కూర్చుండవచ్చును. కారణము ఊహింపరానిది కాదు. మనిషి ముఖము క్షణక్షణము మారును. కనుబొమలు, పెదవులు, కంఠస్వరము అన్నియు ఒక్కసారిగా ఏదో చెప్పుచుండును. యంత్రము చెప్పినదే చెప్పును, నూరుసార్లు అడిగినను విసుగుకొనదు. ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయమువారు కాస్పర్ అను మరమనిషిని బిడ్డయంత ప్రమాణములో చేసి, దాని ముఖమున భావములను తగ్గించియుంచుట ఇందుకొరకే. గిల్లినచో అది నొప్పి యని చెప్పును. గిల్లుట తప్పని బిడ్డకు తెలియజెప్పుటకు ఇది చక్కని ఉపాయము.

అయితే ఆకర్షణ వేరు, అభ్యాసము వేరు. బొమ్మను పెట్టెలో పెట్టిన పిమ్మట బిడ్డ తల్లితో ఎట్లు ఆడుచున్నదో చూడవలెను. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయమువారు 2018లో ప్రకటించిన పరిశోధన ఈ ప్రశ్ననే వేసినది. 12 మంది పిల్లల యిండ్లలో ఒక యంత్రమును నెలరోజులుంచి, రోజుకు అరగంట ఆడించిరి. (అది మనిషి ఆకారము గలది కాదు, బల్లమీద నుండెడి చిన్న యంత్రము.) ఇతరులు చూచుచున్న వస్తువును తానును చూచు నేర్పు, యంత్రము లేనప్పుడు కూడ పిల్లలలో మెరుగుపడినది. సంతోషమే. కాని ఆ ఆటలో ఇంటి పెద్దలును ప్రక్కన కూర్చుండిరి. యంత్రము లేక పెద్దలు మాత్రమే ఆడించిన మరియొక జట్టు లేదు. మేలు చేసినది యంత్రమా, ప్రతిదినము దొరికిన ఆ అరగంటయా? తేల్చుట ఎట్లు?

2024లో ప్రకటింపబడిన ఐరోపా పరీక్షలు ఈ లోపమును సరిదిద్దినవి. బిడ్డ ఏ జట్టులో చేరవలెనో యాదృచ్ఛికముగా నిర్ణయించిరి. మొదటి పరీక్షలో 69 మంది, సగటు వయస్సు 4.4 సంవత్సరములు, పాఠములు 12. రెండవది 63 మందితో, బడికిని ఇంటికిని తగిన చిన్న ఏర్పాటుతో, 5 పాఠములు. రెండింటను ఫలితము మామూలు చికిత్సతో సమానము. మొదటిదానిలో పిల్లల శ్రద్ధ మాత్రము హెచ్చుగా ఉన్నది.

సమానమనగా సమానమే, మించినది కాదు. పాఠము పట్ల విముఖత చూపు బిడ్డకు ఆ అదనపు శ్రద్ధ విలువైనదే. కాని పక్కన నేర్పరియైన మనిషి అవసరము దానివలన తీరలేదు. ఉపాధ్యాయుల కొరత ఉన్నచోట యంత్రమును కొని తృప్తిపడవచ్చుననువారికి ఈ పరీక్షలు ఊతమీయవు.

వేరొక ఆక్షేపణ కూడ కలదు. అనుకరించుట, చూపు కలుపుట, వంతుకొరకు ఆగుట, వీనినన్నిటిని బిడ్డయే నేర్వవలెనని ఈ పద్ధతి భావించుచున్నది. తానును ఆటిజం గలవాడైన బ్రిటిష్ సామాజిక శాస్త్రజ్ఞుడు డేమియన్ మిల్టన్ 2012లో దీనిని ప్రశ్నించెను. అపార్థము రెండువైపుల నుండి జరుగుచున్నదనియు, ఆటిజం లేనివారును ఆటిజం గలవారిని గ్రహింపలేకున్నారనియు ఆయన వాదము. తరగతిలో ఇది ప్రతిదినము కనబడునదే: ఆలస్యముగా బదులు చెప్పు పిల్లవాని కొరకు ప్రక్కవాడు ఆగడు. బడికి మరమనిషి వచ్చినచో దాని యెదుట ఆ ఇద్దరిని కలిపి కూర్చుండబెట్టి, ప్రక్కవాడు ఎంతసేపు ఆగుచున్నాడో కూడ లెక్కింపవచ్చును.