రద్దు అనే మాటకు ఎన్ని పనులు?

మన వార్తల్లో "రద్దు" మోసినంత బరువు మరే మాటా మోయదేమో. రైలు రద్దు, పరీక్ష రద్దు, శాసనసభ రద్దు, చట్టం రద్దు. రైలు రద్దయితే అది అసలు బయలుదేరలేదని అర్థం. చట్టం అలా కాదు. కొన్నేళ్ళు నడిచి, ఎందరి బతుకుల్నో మార్చి, ఆ తరువాత ఆగుతుంది. రెంటికీ ఒకే మాట కావడంతో, చట్టం రద్దనగానే దాని కింద జరిగినదంతా చెరిగిపోయిందనిపిస్తుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, ఆపడానికీ డిలీట్ చేయడానికీ ఒకే బటన్ అన్నమాట.

గల్ఫ్‌లో ఉన్న మనకు ఇది నిఘంటువుల చర్చ మాత్రమే కాదు. యు.ఏ.ఈ.లో 1980 నాటి 8వ నంబరు కార్మిక చట్టాన్ని తొలగించి, 2021 నాటి 33వ నంబరు డిక్రీ చట్టాన్ని 2022 ఫిబ్రవరి 2 నుంచి అమలుచేశారు. "పాత చట్టం రద్దు" అని చదివిన మనిషికి ముందు పుట్టేది భయం: నా పదిహేనేళ్ళ సర్వీసు, గ్రాట్యుటీ ఏమైనట్టు? ఏమీ కాలేదు. మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆపైన ఏడాదికి 30 రోజులు అన్న లెక్క కొత్త చట్టంలోనూ ఉంది. (ఇళ్ళలో పనిచేసేవారికి చట్టం వేరు.) పైగా, కాలపరిమితి లేని ఒప్పందం మీద ఉండి ఐదేళ్ళలోపు రాజీనామా చేసినవారికి పాత చట్టం పెట్టిన కోత తొలగిపోయింది. పోయింది కోత, సర్వీసు కాదు. ఆ తేడా "రద్దు" అన్న మాటలో వినిపించదు.

ఈ మాట మనకు అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. తమాషా ఏమిటంటే, ఇక్కడి ఆఫీసుల్లో "రద్ద్" అంటే ఉత్తరానికి జవాబు. చట్టం రద్దుకు వాళ్ళ మాట "ఇల్గా". వీసా క్యాన్సిల్‌కూ అదే! కాబట్టి ఈ ఇరుకు మన ఒక్కరిదే కాదు.

సంస్కృతం వైపు వెళితే మరో చిక్కు. 2021 నవంబరు 29న పార్లమెంటు ఆమోదించిన సాగు చట్టాల రద్దు బిల్లుకు హిందీ పేరు "కృషి విధి నిరసన్ విధేయక్". తెలుగులో నిరసన అంటే రైతులు ఢిల్లీ పొలిమేరల్లో ఏడాది పాటు చేసినది. హిందీలో అదే మాట, పార్లమెంటు చేసిన పని!

అంతకు వారం ముందే, నవంబరు 22న, ఆంధ్రప్రదేశ్ శాసనసభ మూడు రాజధానుల చట్టాన్ని రద్దుచేస్తే "బిల్లు వెనక్కి" అన్న మాట బాగా నడిచింది. అది సరికాదు. 2020లోనే చట్టమైనదాన్ని బిల్లు అనకూడదు. సభ ముందున్న బిల్లుకు ఉపసంహరణ, కోర్టు తీర్పుకు కొట్టివేత, చట్టసభ ముగించినదానికి రద్దు అని విడగొట్టుకుంటే చాలు, కొత్త పదం అక్కర్లేదు. ఆ రద్దుకు "ఫలానా తేదీ నుంచి" అని కూడా చేర్చాలి. అమరావతి విషయంలో సి.ఆర్.డి.ఎ. చట్టాన్ని తీసేసిన చట్టాన్నే మళ్ళీ తీసేశారు. అంతమాత్రాన పాతది దానంతటదే లేచి కూర్చోదు. దాన్ని పునరుద్ధరిస్తున్నామని ఆ బిల్లులోనే విడిగా రాయవలసి వచ్చింది.