నీళ్ళ లెక్క తెలిసిన చేతులు

మామూలు కారు బరువు టన్ను, మహా అయితే టన్నున్నర. ఆ బరువంతా నాలుగు టైర్ల మీదుగా నేలకు దిగుతుంది. టైరులో గాలి ఎంత పీడనంతో ఉందో, టైరు నేలను నొక్కే ఒత్తిడి కూడా దాదాపు అంతే ఉంటుంది: చదరపు సెంటీమీటరుకు రెండున్నర కిలోలు. ఎం-25 రకం కాంక్రీటు అదే చదరపు సెంటీమీటరు మీద 250 కిలోలు మోస్తుంది. ఈ లెక్కన సెల్లార్‌లో పోసిన నేలకు కారు ఒక బరువే కాదు. అయినా మన అపార్ట్‌మెంట్ల కింద రెండు మూడేళ్ళకే నేల పొడి రాలుతుంది. పెచ్చులు లేస్తాయి, బీటలు అడ్డదిడ్డంగా పాకుతాయి, పిల్లర్ల పక్కన కుంగుతుంది. వీటిలో చాలావాటికి కారణం నీళ్ళు. కలిపేటప్పుడు ఎక్కువైన నీళ్ళు, వేళ కాకముందే ఆరిపోయిన నీళ్ళు, కింది మట్టిలోంచి ఎక్కిన నీళ్ళు, పోయే దారి లేక నిలిచిపోయిన నీళ్ళు.

అందుకే పని తెలిసిన ముఠా సెల్లార్‌లో దిగినప్పుడు నేను యంత్రాల కంటే ముందు వాళ్ళు నీళ్ళతో ఎలా మసలుతున్నారో చూస్తాను. ఎక్కడ పొయ్యాలో, ఎక్కడ లాగాలో, ఎప్పుడు ఆగాలో, మళ్ళీ ఎప్పుడు కట్టాలో వాళ్ళకు తెలుసు. ఆ తెలివికి దక్కాల్సిన మెప్పు దక్కడం లేదన్నది నా బాధ. హాల్లో పాలరాయి పరిచినవాడి పని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ చూస్తారు. సెల్లార్ నేల పోసినవాడి పనిని, అది చెడితే తప్ప, ఎవరూ తలుచుకోరు.

పని మొదలయ్యేది కాంక్రీటుతో కాదు, మట్టితో. సెల్లార్‌లో కుంగే చోట్లు చాలావరకు ముందే చెప్పవచ్చు: పునాది గుంతలు పూడ్చిన చోటు, రిటైనింగ్ గోడ వెంబడి పూడ్చిన చోటు. తవ్విన మట్టిని ఒక్కసారిగా తోసేసి పైపైన చదును చేస్తే చూడటానికి గట్టిగానే ఉంటుంది. మొదటి వానాకాలం చెమ్మ తగలగానే లోపలి ఖాళీలు కూలి, పైనున్న కాంక్రీటు కింద బోలు ఏర్పడుతుంది. కింద ఆధారం పోయాక మాత్రం కారు బరువు నిజంగా బరువే అవుతుంది. మంచి మేస్త్రి జానెడుకు మించకుండా పొరలు పొరలుగా నింపిస్తాడు. ఒక్కో పొరకూ మట్టి పిడికిట్లో ముద్దయ్యేంత తడి ఇచ్చి దిమ్మిస కొట్టిస్తాడు. పూర్వం చేతి దిమ్మిస, ఇప్పుడు డీజిల్ కాంపాక్టర్. పొడి మట్టి ఎంత కొట్టినా ఒకదాంట్లో ఒకటి ఇమడదు, బురద ఎంత కొట్టినా పక్కకు జారుతుంది. ఆ రెంటికీ మధ్యనున్న తడిని వేళ్ళతో పసిగట్టడం ఈ పనిలో మొదటి నేర్పు. నల్లరేగడి నేలైతే ఇది కూడా చాలదు. తడికి ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే ఆ మట్టిని తగినంత లోతు తీసేసి, ఉబ్బని మొరమో గ్రావెలో నింపాల్సిందే.

చదునైన నేల మీద పాలిథీన్ షీటు పరుస్తారు. చూడటానికి ఇది అతి తేలిక పని. కానీ షీటు అంచు మీద అంచు జానెడు ఎక్కించి టేపు వేశారా, పిల్లరు చుట్టూ చీలికలు వదిలేశారా, కాంక్రీటు తోసే పార తగిలి చిరిగిందా అన్నది అక్కడే తేలిపోవాలి. మట్టిలోని చెమ్మ దీపం వత్తిలో నూనెలా పైకి పాకుతుంది, ఏ చిన్న చిరుగు దొరికినా చాలు. అమెరికాలో న్యూజెర్సీ, ఇల్లినాయ్ లాంటి చోట్ల బేస్‌మెంట్ ఉన్న ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళకు ఈ చెమ్మ సంగతి బాగా తెలుసు. అక్కడి ఇళ్ళ నిబంధనలు నేల కాంక్రీటుకు కనీసం మూడున్నర అంగుళాల మందం అడుగుతాయి. దాని కింద సాధారణంగా నాలుగంగుళాల కంకర పరుపు, మధ్యలో పాలిథీన్ షీటు ఉండాలంటాయి. కంకర రాళ్ళ మధ్య సందులు పెద్దవి కాబట్టి చెమ్మ వాటిని దాటి పాకలేదు. అక్కడైనా ఇక్కడైనా ఈ అడుగు పొరల్లో చేసిన పొదుపు ఏళ్ళ తర్వాత బూజు వాసనగా బయటపడుతుంది.

వాలు గురించి ఒక్క మాట. మీటరుకు సెంటీమీటరు పల్లం చాలు, నీళ్ళు వాటంతటవే సంపు దగ్గరికి నడుస్తాయి. అంతకంటే తక్కువైతే మడుగులు కడతాయి. నేల పరచకముందే ట్యూబ్ లెవెల్‌తోనో లేజర్‌తోనో మట్టాలు చూసి, ఆ మట్టాలకు ఇనుప చానెళ్ళు బిగిస్తారు. అక్కడ ఒక దారం మందం తేడా వచ్చినా తర్వాత ఎంత రుద్దినా దిద్దుకోలేం.

ఇక కాంక్రీటు. 1918లో షికాగోలోని లూయిస్ ఇన్‌స్టిట్యూట్‌లో డఫ్ ఏబ్రమ్స్ అనే ఇంజనీరు తేల్చి చెప్పిన సూత్రం ఈనాటికీ నిలిచే ఉంది: సిమెంటుతో పోలిస్తే నీళ్ళు ఎంత పెరిగితే కాంక్రీటు బలం అంత తగ్గుతుంది. యాభై కిలోల బస్తా సిమెంటు పూర్తిగా పని చేయడానికి సుమారు ఇరవై లీటర్ల నీళ్ళు చాలు. కానీ ఆ కొలతతో కలిపితే కాంక్రీటు పారకు లొంగనంత బిర్రుగా ఉంటుంది. పరచడానికి ఇంకో అయిదారు లీటర్లు కావాలి. సిమెంటుకు అక్కర్లేని ఆ మిగులు నీళ్ళే తర్వాత ఆవిరై, తాము ఉన్న చోట కంటికి కనపడని సన్నటి రంధ్రాలు వదిలిపోతాయి. ఆ రంధ్రాల్లోంచే నూనె దిగుతుంది, చెమ్మ ఎక్కుతుంది, పైపొర అరిగి పొడి రాలుతుంది. రెడీమిక్స్ లారీ వచ్చాక, తోయడం కష్టంగా ఉందని డ్రమ్ములో పైపు పెట్టించే సైటును చూస్తే నాకు ఆ నేల భవిష్యత్తు అప్పుడే కనిపిస్తుంది. పని తెలిసిన మేస్త్రి ఆ పైపును ముట్టుకోనివ్వడు.

పరచడానికి నీళ్ళు కావాలి, బలానికి నీళ్ళు వద్దు. ఈ చిక్కుముడిని విప్పడానికి మన సెల్లార్లలో వాడే పద్ధతి వ్యాక్యూమ్ డీవాటరింగ్. ఆ యంత్రాలు తయారు చేసిన స్వీడన్ కంపెనీ పేరు మీద సైటులో అందరూ దీన్ని ట్రిమిక్స్ అనే అంటారు. దీని తెలివి నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. కాంక్రీటును పనికి అనువైనంత పల్చగానే పోస్తారు. సూది వైబ్రేటర్‌తో కుదిపి, రెండు చానెళ్ళ మీద జోడు దూలాల స్క్రీడ్‌ను లాగి చదును చేస్తారు. వెంటనే దాని మీద సన్నటి జల్లెడ లాంటి ఫిల్టర్ మ్యాట్ పరిచి, పైన గాలి చొరని పట్టా కప్పి, అంచులు తడిచేత్తో నిమిరి అంటిస్తారు. పట్టా మధ్యలోంచి పంపుకు పైపు కలుపుతారు. పంపు ఆన్ కాగానే పట్టా కిందనున్న గాలి పోయి, పైనున్న వాతావరణం దాన్ని అదుముతుంది. మామూలుగా గాలి ప్రతి చదరపు మీటరు మీదా పది టన్నుల బరువు పెడుతుంది. పట్టా కింద మూడొంతులకు దగ్గరగా గాలి తీసేస్తే ఏడు టన్నులు కాంక్రీటును నొక్కుతాయి. అంటే ఒక్కో చదరపు మీటరు మీద అయిదారు కార్లు ఎక్కించినట్టే! నీళ్ళు పైపులో పరుగెత్తుతూ కనిపిస్తాయి. నాలుగంగుళాల నేలకు పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. కలిపిన నీళ్ళలో 15 నుంచి 25 శాతం బయటికొచ్చేస్తాయి.

నీళ్ళు పోయిన మేర నేల మందం కూడా రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గుతుంది. అందుకే స్క్రీడ్ లాగేటప్పుడే మేస్త్రి మట్టం ఆ కాస్త పైకి ఉంచుకుంటాడు. పంపు ఆపి పట్టా ఎత్తాక, ఇందాక బూట్లు మునిగిన కాంక్రీటు మీద మనిషి నడిచిపోతే అడుగు జాడ మసగ్గా మాత్రమే పడుతుంది.

మన ఇళ్ళలో పాత గచ్చులు ఇంకా నిగనిగలాడుతున్నాయంటే వాటి వెనుక ఉన్నదీ ఇదే నీళ్ళ తీత. గానుగ సున్నపు పొరను రోజుల తరబడి చెక్కలతో కొట్టి, లోపలి నీళ్ళు పైకి ఊరితే తీసేసి, మళ్ళీ కొట్టేవారు. ఆ దెబ్బల పని ఇప్పుడు గాలి చేస్తోంది. పంపు చెయ్యలేనిది ఒకటుంది. అది పిల్లర్ల చుట్టూ, గోడ అంచుల వెంట, మ్యాట్ అందని మూలల్లో చేసే పని. అక్కడ ఒకడు మోకాళ్ళ కింద చెక్క వేసుకుని తాపీతో అదిమి అదిమి నీళ్ళు తేల్చి తీస్తాడు. ముఠా పనితనాన్ని నేను కొలిచేది ఆ మూలల్లోనే. నేల నడిమి అందరిదీ బాగానే వస్తుంది.

తర్వాత ఫ్లోటర్ యంత్రం దిగుతుంది. మొదట పళ్ళెం లాంటి డిస్కుతో తిప్పుతారు. అది రాళ్ళను కిందికి నొక్కి, సన్నటి గుజ్జును పైకి తెస్తుంది. కాసేపు ఆగి, డిస్కు తీసి బ్లేళ్ళు దించుతారు. మొదటి తిప్పుకు బ్లేళ్ళు నేలకు బల్లపరుపుగా ఉంటాయి, ప్రతి తిప్పుకూ కొంచెం కొంచెం వంపు పెంచుతారు. తొందరపడి ముందే వంపు పెంచితే నేల మీద అలలు లేస్తాయి, మరీ ఆలస్యమైతే బ్లేడు కింద నేల లొంగదు. ఎప్పుడు దిగాలో గడియారం చెప్పదు. ఎండాకాలం మధ్యాహ్నం ఒక వేళ, డిసెంబరు తెల్లవారుజామున మరో వేళ. వ్యాక్యూమ్ లేకుండా పోసిన నేలైతే కాలు పెట్టి చూస్తారు, అడుగు పావు అంగుళం దిగితే యంత్రానికి వేళయినట్టు. బ్లేళ్ళ చప్పుడు మెత్తటి రాపిడి నుంచి గట్టి లోహపు మోతకు మారుతుంటే నేల రంగు ముదురుతుంది. ఆ మార్పును చెవితో పట్టుకునే ఆపరేటర్ ఉన్న ముఠా దొరకడం ఇంటివాళ్ళ అదృష్టమే.

ఇక్కడే ఒక పాడు అలవాటు గురించి కటువుగా చెప్పాలి. నేల మీద నీళ్ళు ఇంకా తేలుతుండగానే, ఆరే దాకా ఆగలేక, పొడి సిమెంటు చల్లి రుద్దేస్తారు. అప్పటికప్పుడు నేల అద్దంలా మెరుస్తుంది. కానీ పైన ఒక చిక్కటి పొర, దాని కింద చిక్కుకుపోయిన నీళ్ళు. పైపొర ఎక్కువగా కుంచించుకుపోయి సాలెగూడులా నెర్రెలిస్తుంది, ఆ తర్వాత పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. గట్టిదనం కావాలంటే నీళ్ళు ఇంకాక చల్లే హార్డెనర్ పొడులు వేరే ఉన్నాయి, వాటికో మోతాదు, రెండు విడతల పద్ధతి ఉన్నాయి. పైగా పార్కింగ్ నేలకు అద్దపు మెరుపు అవసరమూ లేదు. వానలో తడిసొచ్చిన టైరుకు, పాల ప్యాకెట్ల కోసం చెప్పులతో దిగిన పెద్దావిడకు, పట్టు కావాలి. ర్యాంపు మీద చీపురు గీతలో, అడ్డ గాళ్ళో తప్పనిసరి.

కాంక్రీటు ఆరుతూ కుంచించుకుపోతుంది. మన దేశపు కాంక్రీటు నియమావళి ఐఎస్ 456 లెక్కకు ఇచ్చిన అంకె 0.0003. పది మీటర్ల నేల మూడు మిల్లీమీటర్లు దగ్గరికి లాక్కోవాలని చూస్తుందన్నమాట. కింద నేల, పక్కన గోడలు పట్టి ఉంచుతాయి. లాగుడుకు కాంక్రీటు బలం నొక్కుడులో పదో వంతు మాత్రమే, కాబట్టి బీట తప్పదు. దాన్ని ఆపలేం గనుక, ఎక్కడ రావాలో మనమే నిర్ణయిస్తాం. నాలుగంగుళాల నేలకు ప్రతి మూడు మీటర్లకూ, మందంలో నాలుగో వంతు లోతున, గళ్ళుగా కోత పెడతారు. పగులు ఆ కోత అడుగున, కంటికి కనపడకుండా దిగిపోతుంది. కోతకు కూడా వేళుంది. ముందే కోస్తే అంచుల్లో కంకర రాళ్ళు ఊడొస్తాయి. ఆలస్యం చేస్తే నేల తన దారి తానే ఎంచుకుని పగిలిపోతుంది. వాతావరణాన్ని బట్టి ఆ సందు నాలుగు నుంచి పన్నెండు గంటల్లో ఉంటుంది, అందుకే ఎండాకాలంలో కటింగ్ కుర్రాళ్ళు రాత్రిపూట పని చేస్తూ కనిపిస్తారు.

పిల్లర్ల చుట్టూ వజ్రం ఆకారంలో విడిగా పోసిన భాగాన్ని గమనించండి. పిల్లరు లోతున పునాది మీద కదలకుండా నిలుస్తుంది, నేల మాత్రం తన మట్టి మీద తాను కదులుతుంది. రెంటినీ అంటిస్తే పిల్లరు మూలల నుంచి నాలుగు బీటలు బయల్దేరతాయి. అందుకే మధ్యలో థర్మోకోలో, తారు అట్టో పెట్టి విడదీస్తారు. వజ్రం కొనలు కోతల గీతల మీదికి సరిగ్గా వచ్చాయంటే గీసినవాడు ముందు రోజే కాగితం మీద ఆలోచించుకున్నాడని అర్థం.

అంత కష్టపడి లోపలి నుంచి నీళ్ళు లాగినవాళ్ళే మర్నాడు గట్లు కట్టి నేల మీద నీళ్ళు నింపుతారు. ఇందులో వింతేమీ లేదు. మిగులు నీళ్ళు పోయాయి గానీ, సిమెంటుకు కావలసిన నీళ్ళు లోపలే ఉండాలి, అవి గాలికి ఎగిరిపోకూడదు. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, మనం ఎక్కువగా వాడే పీపీసీ (పొజొలానా) సిమెంటుకు, వేడి పొడి వాతావరణంలో దేనికైనా కనీసం పది రోజులు తడి ఉంచమంటుంది ఐఎస్ 456. సెల్లార్‌లో ఎండ పడదు కదా అని ఇక్కడ చాలామంది ఏమరుస్తారు. ర్యాంపు గుండా వచ్చే వేడి గాలి ఎండకంటే తక్కువదేమీ కాదు. ట్యాంకరు నీళ్ళు కొనే వేసవిలో గోనెపట్టాలు పరిచి తడపడం మేలు. నీళ్ళు తక్కువ పడతాయి, తడి ఎక్కువ సేపు నిలుస్తుంది.

చివరి పని కోతల్లో సీలెంట్ నింపడం. గృహప్రవేశాల తొందరలో బిల్డర్లు వారానికే నింపించేస్తారు. అప్పటికి నేల ఇంకా కుంచించుకుంటూనే ఉంటుంది. సందు వెడల్పవుతూ పోయి, నింపిన ముద్ద ఒక అంచు వదిలేసి వేలాడుతుంది, ఆ చీలికలోకి కడిగిన నీళ్ళు దిగుతాయి. కనీసం నెల, కుదిరితే మూడు నెలలు ఆగాలి. అప్పటిదాకా కోతల్లో దుమ్ము చేరకుండా టేపు వేస్తే చాలు. బిల్డరు నుంచి ఫ్లాట్లు చేతికి తీసుకునే రోజున లిఫ్టు, జనరేటరు చూసుకున్నట్టే ఈ ఒక్క పనినీ బాకీగా కాగితం మీద రాయించుకుని, నేల కుదురుకున్నాక అదే ముఠాను పిలిపించి చేయించుకోవచ్చు.