చందా వేరు, స్వేచ్ఛ వేరు

‘ఒకే దేశం – ఒకే చందా’ పథకాన్ని 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. 2025 నుంచి 2027 దాకా మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది అంతర్జాతీయ ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థలు. ఈ అంకెలు చూసి జ్ఞానం అందరిదీ అయిపోయిందని మేధావులు సంబరపడుతున్నారు. ఐఐటీల్లో దొరికే జర్నల్ జిల్లాలోని ప్రభుత్వ కాలేజీలో కూడా తెరుచుకోవడం మంచిదే, దాన్ని కాదనడం లేదు. కానీ చందా వేరు, స్వేచ్ఛ వేరు.

ఓపెన్ యాక్సెస్ అంటే డబ్బు అడ్డం, చట్టం అడ్డం లేకుండా ఎవరైనా చదువుకోవచ్చు, కాపీ తీసుకోవచ్చు, పదిమందికీ పంచుకోవచ్చు. 2002లో బుడాపెస్ట్ ప్రకటన చెప్పింది ఇదే. చందా అట్లాంటిది కాదు. అది గేటు పాసు. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. ఎం.ఫిల్. అయిపోయి పిహెచ్.డి. సీటు వచ్చేదాకా ఏడాది ఖాళీ వచ్చింది. నెల తిరక్కుండానే నా లాగిన్ ఆపేశారు. అంతకుముందు ఊరికే చదివిన వ్యాసమే డాలర్లు కట్టమంది. ఈ పథకం మొదటి దశలో ప్రైవేటు కాలేజీలు లేవు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఆ కాలేజీల్లో చదివే మన పిల్లలు ఏ గేటు దగ్గర నిలబడాలి?

బయట ఉంటే ఏం పోతుందని అడిగేవాళ్లుంటారు. లైబీరియాలో ఏం జరిగిందో చూడండి. అక్కడి జనం రక్తంలో ఎబోలా యాంటీబాడీలున్నాయని 1982లోనే ఐరోపా పరిశోధకులు ఒక జర్నల్లో రాశారు. 2014లో ఎబోలా విరుచుకుపడేనాటికి ఆ దేశపు వైద్యాధికారులకి ఆ సంగతే తెలీదు. ఆ వ్యాసం చదవాలంటే 45 డాలర్లనీ, అది అక్కడి డాక్టరు అరవారం జీతమనీ ఆ దేశపు ముఖ్య వైద్యాధికారి బెర్నిస్ డాన్, మరో ఇద్దరు 2015లో రాశారు. నెత్తురు లైబీరియా జనానిది, వ్యాసం మీద హక్కు ప్రచురణకర్తది. మన వాడలకొచ్చి మన ఆకలినీ, రోగాల్నీ లెక్కలేసుకుపోయిన వ్యాసాలు ఎన్ని మన చేతికి తిరిగొచ్చాయి?

రాసేవైపు ఇంకో గేటుంది. పాఠకుడికి ఉచితమనే జర్నళ్లు కొన్ని రచయిత దగ్గర వసూలు చేస్తున్నాయి. ‘నేచర్’ పత్రిక 2020లో ఒక్కో వ్యాసానికి 9,500 యూరోలని ప్రకటించింది. ఫెలోషిప్ కోసం నెలల తరబడి ఎదురుచూసేవాడు అంత ఎక్కణ్ణించి తెస్తాడు?

దీనికి వేరే దారి లేకపోలేదు. బ్రెజిల్‌లో ప్రజాధనంతో నిలబడిన సైఎలో 1998 నుంచి అక్కడి జర్నళ్లను పాఠకులందరికీ ఉచితంగా అందిస్తోంది. మన దగ్గర పరిశోధనకి ప్రజల డబ్బే పెడుతున్నారు, దాని ఫలితం చదవడానికి మళ్లీ ప్రజల డబ్బే కడుతున్నారు.

అందరికీ చెందిన చెరువులు అందరికీ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానించింది. మహద్ మున్సిపాలిటీ 1924లో అవునంది. అయినా 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్లేదాకా ఆ చెరువు నీళ్లు మనవాళ్లు ముట్టలేకపోయారు. కాగితం మీది తీర్మానంతో మన పని అయిపోదని మనకి తెలుసు. ప్రజల డబ్బుతో జరిగిన ప్రతి పరిశోధననీ ఏ కార్డూ అడక్కుండా చదవనివ్వాలి. 2027లో ఈ చందా గడువు తీరేలోపు మనం అడగాల్సింది ఇదే.