‘మిథునం’లో లేని మూడో మనిషి : వృద్ధాప్య పరిచర్య దృష్టితో ఒక పరిశీలన

శ్రీరమణ ‘మిథునం’ను మనం దాంపత్య కథగా, తెలుగువారి భోజనప్రీతి కథగా చదువుతూ వచ్చాం. అప్పదాసు జిహ్వచాపల్యం, బుచ్చిలక్ష్మి గడుసుతనం, ఇద్దరి కీచులాటలు పాఠకుల జ్ఞాపకంలో నిలిచిపోయాయి. ఆ పఠనాన్ని కాదనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే ఆ ఇంట్లో ఎవరు ఎవరిని కనిపెట్టుకొని ఉన్నారు, అలా కనిపెట్టుకొన్న మనిషి వయసు ఎంత అని అడిగితే, ఇదే కథ వృద్ధాప్య పరిచర్య కథగా కనిపిస్తుంది.

వృద్ధులను గురించిన కథల్లో మనకు బాగా అలవాటైన చట్రం ఒకటుంది. కన్నవారు ఒకవైపు, పట్టించుకోని సంతానం మరొకవైపు. నేరం ఎవరిదో మొదటి పుటలోనే తేలిపోతుంది. (నా పరిశోధనకోసం చదివిన కథల్లో చాలా భాగం అక్కడే ఆగిపోయాయి.) శ్రీరమణ ఆ దారి పట్టలేదు. పిల్లలు దూరాన ఉన్నారు; వారిమీది ఫిర్యాదు కథను నడపదు. అందువల్లనే ముసలివారిని ముసలివారే చూసుకోవలసిన స్థితి, నిందలు అడ్డురాకుండా, కనిపిస్తుంది. మంచం పట్టినవారికి చేసే ఉపచారాన్ని మాత్రమే పరిచర్యగా గుర్తించే మనం, మంచం పట్టకముందు ఏళ్లతరబడి సాగే ఈ పనిని వంటగాను, మురిపెంగాను పొరబడుతున్నాం.

ముగింపును ఈ దృష్టితో మళ్లీ చూడాలి. భర్త తనకంటే ముందు వెళ్లిపోవడమే మంచిదయిందని బుచ్చిలక్ష్మి భావిస్తుంది. పుణ్యస్త్రీగా పోవడాన్ని స్త్రీకి మహాభాగ్యంగా చెప్పుకొనే సమాజంలో ఇది పెద్ద తారుమారు. దీన్ని ప్రేమకు పరాకాష్ఠగా భావించడం సులభమే. కాని అందులో పరిచర్య చేసే మనిషి వేసుకొన్న లెక్క కూడా ఉంది. తాను లేకపోతే అతడికి జరగదు. అతడు లేకపోయినా తనకు జరుగుతుంది. ఎట్లా జరుగుతుందో ఆమె చెప్పదు, కథా అడగదు.

ఈ ప్రశ్న బుచ్చిలక్ష్మి ఒక్కదానిది కాదు. 2011 జనగణన ప్రకారం దేశంలో అరవై ఏళ్లు దాటినవారు సుమారు 10.4 కోట్లు, వారిలో పురుషులకంటే స్త్రీలే ఎక్కువ. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) పోషణలో తిండి, బట్ట, నివాసం, వైద్యం చేర్చింది. ‘సంతానం’ అన్న మాటకు కొడుకు, కూతురు, మనుమడు, మనుమరాలు అని అర్థం చెప్పింది. తరచుగా చాకిరీ చేసే కోడలు ఆ నిర్వచనంలో లేదు. ఆమెమీద బాధ్యత మోపలేదు సరే, ఆమె చేస్తున్న పనికి పేరు కూడా పెట్టలేదు.

2012లో తనికెళ్ల భరణి ఈ కథను చలనచిత్రంగా తీసినప్పుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి ఇద్దరే తెరమీద కనిపించారు. ఆ ప్రయోగం ప్రశంసలందుకొన్నది. నాకు మాత్రం అక్కడే అభ్యంతరముంది. కథలో కనీసం చూసి చెప్పే కథకుడున్నాడు. సినిమాలో అతడికీ చోటు లేదు. కోడలు, పనిమనిషి, ఇరుగుపొరుగు ఎవరూ తెరమీదికి రారు. ఎవరి అవసరమూ లేని ముసలితనం చూడటానికి అందంగానే ఉంటుంది, ఇద్దరూ లేచి తిరుగుతున్నంతకాలం. చివరికి ఆ ఇంట్లో బుచ్చిలక్ష్మి ఒక్కతే మిగులుతుంది. ఆమె తలుపు తట్టగల మూడో మనిషిని చిత్రం మొదట్లోనే తీసివేసింది.