కూజాల తల్లికి పాదాది కేశం

దేవుణ్ణి వర్ణించేటప్పుడు పాదాల దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్లాలి, మనిషినైతే తల నుంచి కిందికి దిగాలి అంటారు మన పెద్దలు. కొత్త మొక్కను లోకానికి పరిచయం చేసే వృక్షశాస్త్రజ్ఞులకు ఈ మర్యాద ఎవరు నేర్పారో గానీ, వాళ్లూ కాండంతో ఎత్తుకుని ఆకు, పువ్వు, కాయ, గింజ అంటూ పైకే పోతారు. కాబట్టి తల్లీ, నీ స్తోత్రమూ పాదాల దగ్గరే.

నీ పాదాల కింద ఉన్నది ఫిలిప్పీన్స్‌లోని పలవాన్ దీవి, విక్టోరియా కొండ. భూమి కడుపులోంచి ఎగదన్నుకొచ్చిన రాయి అరిగి అరిగి అక్కడ మట్టయింది. నికెల్, క్రోమియం, మెగ్నీషియం దండిగా ఉన్న మట్టి. నత్రజని, భాస్వరం మాత్రం అడుక్కున్నా దొరకవు. అలాంటి చోట, 1,726 మీటర్ల శిఖరం చుట్టూ, మబ్బు కొంగు చాటున కాపురం పెట్టావు. మీటరున్నర ఎత్తు పొద, బొటనవేలిని మించిన లావు కాండం, తోలులాంటి ఆకులు. నేల పెట్టని అన్నం గాలిలో ఎగురుతోందని నీకెవరు చెప్పారమ్మా?

నీ ఆకులో నడిమి ఈనె ఆకుతో ఆగిపోదు. నులితీగై సాగి, వంగి, కొస ఉబ్బి, ఒకనాడు మూత తెరుస్తుంది. కూజా! గంట ఆకారం, 30 సెంటీమీటర్ల దాకా ఎత్తు, లోపలి గోడ మీద ఊదా మరకలు. మా అమ్మమ్మ మరచెంబు నీ ముందు దిగదుడుపే. మూత ఉందన్న మాటే గానీ నిటారుగా నిలబడి వానను లోపలికే రానిస్తుంది. అంచు చుట్టూ సన్నని గాళ్లు, వాటి మీద తేనె తడి.

ఒక చీమ వస్తుంది. పొడిగా ఉన్న అంచు మీద నింపాదిగా నడిచి, తేనె నాకి, తిరిగి వెళ్లిపోతుంది. మళ్లీ వచ్చేసరికి మబ్బు దిగి ఉంటుంది. అదే అంచు, అదే తేనె. కానీ ఇప్పుడు తడి. ఆరు కాళ్లకూ ఒక్కసారే పట్టు తప్పుతుంది. చీమను కరిగించే ఆ నీళ్లలోనే దోమ పిల్లలు మాత్రం ఈదుకుంటూ పెరుగుతాయి. ఎవరు విందో, ఎవరు విందుకొచ్చినవారో, ఆ లెక్క నీది.

2009లో నీ కబురు బయటికి రాగానే పత్రికలు నిన్ను ఎలకల్ని మింగే మొక్కన్నాయి. నీ తిండి ప్రధానంగా పురుగులే. గుడికి వెళ్లి అమ్మవారి కోరలు మాత్రం చూసి వచ్చినట్టుంది వాళ్ల వరస.

అంతకుముందు, 2000లో, ఇద్దరు క్రైస్తవ మతప్రచారకులు ఆ కొండ ఎక్కబోయి దారి తప్పారు. పదమూడు రోజుల తర్వాత బయటపడి, పెద్ద పెద్ద కూజాల మొక్కను చూశామన్నారు. ఆ మాట పట్టుకుని 2007లో రాబిన్సన్, మెక్‌ఫర్సన్, హైన్‌రిక్ నిన్ను వెతుక్కుంటూ పైకొచ్చారు. 2009లో నీ నామకరణం: నెపెంథిస్ అటెన్‌బరోయై. ప్రకృతి చిత్రాల డేవిడ్ అటెన్‌బరో పేరు. అప్పటికింకా కొత్త మొక్క లక్షణాన్ని లాటిన్‌లో రాయనిదే పేరు చెల్లదు. ఆ నియమం సడలింది 2012లో. మంత్రంతో బారసాల జరిగిన చివరి తరం నీది.

ఇంటిపేరు నెపెంథిస్ మాత్రం పాతది, వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పెట్టినది. గ్రీకు పురాణంలో హెలెన్ మద్యంలో కలిపిన మందు పేరది, దుఃఖం లేకుండా చేసేదని అర్థం. ఎంత దూరం నడిచొచ్చినా నిన్ను చూశాక ఆ కష్టం గుర్తుండదని ఆయన ముచ్చట. అంటే మన భాషలో నువ్వు అశోకానివి! సీతమ్మ కూర్చున్న చెట్టుకూ నీకూ చుట్టరికం లేదు గానీ, పేరొకటే.

ఇప్పుడిక పువ్వు. మగపూలు ఒక మొక్కకు, ఆడపూలు ఇంకో మొక్కకు. ఉన్నదే ఆ ఒక్క శిఖరం దాపున. తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న వాటి జాబితాలో పేరెక్కింది. రెండూ ఒకే అదనుకు పూయాలి, ఎగిరొచ్చిన పురుగేదో కూజాలో పడకముందే పుప్పొడి చేర్చాలి. అది కుదిరిన ఏడు కాయ ఎండి పగులుతుంది. లోపల గింజలు, వెంట్రుకంత సన్నం. కొండగాలికి అవి లేస్తున్నాయి.