ఉప్పు – కాలేయము: ఒక పరిశీలన

“ఉప్పు తినిన కాలేయము చెడును” అను మాట ఆరోగ్య వ్యాసములలో తరచుగా కనిపించుచున్నది. ఉద్దేశము మంచిదే. కాని ఇందులో రెండు వేర్వేరు విషయములు కలగాపులగమైనవి.

మొదటిది: ఉప్పు ఆరోగ్యవంతుని కాలేయమునకు హాని చేయునా? 2016లో వెలువడిన ఒక పరిశోధనలో అధిక లవణము వలన చిట్టెలుకలలోను, కోడి పిండములలోను కాలేయ కణములు దెబ్బతిన్నట్లు కనబడినది. చిట్టెలుకకు నిజమైనది మనుష్యునికి నిజము కావచ్చును, కాకపోవచ్చును. దీనిని అనుమానమనవలెనే గాని నిర్ణయమనరాదు.

రెండవది నిశ్చితమైనది. కాలేయము గట్టిపడి జలోదరము వచ్చినవారిలో మూత్రపిండములు సోడియమును తగినంతగా విసర్జింపజాలవు. సోడియము నిలిచినచోట నీరును నిలుచును. పొట్టలో చేరిన ఒక లీటరు ద్రవములో సుమారు 8 గ్రాముల ఉప్పు ఉండును. అనగా, బయటకు పోని ప్రతి 8 గ్రాముల ఉప్పు సుమారు ఒక లీటరు నీటిని పట్టియుంచునన్నమాట! ఈ లెక్క చెప్పక భయము మాత్రమే చెప్పిననేమి లాభము? రోగి మంచినీరు తగ్గించి, ఊరగాయను మానకుండవచ్చును. సాధారణ ఉప్పు మాని సైంధవ లవణము తినవచ్చును, అందులోనిదియు సోడియమే.

ఆరోగ్యవంతులైన పెద్దలు సైతము దినమునకు 5 గ్రాములకు లోపుగా ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అందుకు ముఖ్య కారణము రక్తపు పోటు, కాలేయము కాదు. ఉపాధ్యాయులు ఈ భేదమును తరగతిలో విడమరచి చెప్పుట అవసరము.